తిరుగు ప్రయాణపు బరువు

పెద్దవాడు నిచ్చెన మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్న ఏడాదే తేనె విరగకాసింది. ఈ రెండూ వేరువేరు ఏళ్ళలో జరిగి ఉంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఆ ఇంట్లో తేనెటీగల పని పెద్దవాడిదీ అతని భార్యదీ. పెట్టెలు తెరిచి ఈగల బాగోగులు చూడటం, తేనె తీయడం ఆవిడ వంతు. ఎక్కడ పూత ఉంటే అక్కడికి పెట్టెల్ని మోసుకుపోవడం, చెట్ల మీద వాలిన తుట్టెల్ని దింపుకురావడం అతని వంతు. తమ్ముడికి ముప్పై దాటినా ఇంటిల్లిపాదికీ చిన్నోడే. అతను ఊళ్ళో కుర్చీలూ బీరువాలూ ఇల్లు మారేవాళ్ళ సామానూ చేరవేస్తూ బండి నడుపుకునేవాడు. ఈగల జోలికి పోయేవాడు కాదు. వదిన పెట్టె మూత తీస్తోందంటే చాలు, అతనికి ఎక్కడో ఏదో పని గుర్తొచ్చేది.

ఇంటికి ఉన్న పాత లారీ చివరికి మొండికేసింది. ఇక బాగుచెయ్యడం దండగని మెకానిక్ తేల్చేశాక దాన్ని తూకానికి అమ్మేశారు. దాని బదులు చిన్నోడు ఒక పికప్పూ, దాని వెనక తగిలించుకునే ట్రైలరూ తెచ్చాడు. తన సామాన్ల పనికీ పనికొస్తుంది, పెట్టెలు మోయడానికీ పనికొస్తుందని అతని లెక్క. బండి వాకిట్లో ఆగిన రోజు వదిన చుట్టూ తిరిగి చూసి, లారీతో పోలిస్తే చిన్నగా ఉందే అంది. చిన్నోడికి చురుక్కుమంది. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ వింటుండగా, దీని వెనక ఏనుగును కట్టినా ఈడ్చుకొస్తుందని ఓ మాట అనేశాడు. పిల్లలు చాలా రోజులు ఆ బండిని ఏనుగుబండి అనే పిలిచారు.

పొద్దుతిరుగుడు పూతకు వచ్చిందని కబురొచ్చేసరికి పెద్దవాడు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. అందుకని ఆ ఏడాది పెట్టెల్ని చిన్నోడే తీసుకెళ్ళాడు. పొలం మెరక మీద ఉంది. అక్కడికి చేరాలంటే పొడవాటి ఎగుడు ఎక్కాలి. పెట్టెలు నలభై ఉన్నా ఒక్కొక్కటీ ఖాళీ డొక్కలతో, ఇరవై కిలోలకు కాస్త పైన ఉండేవి. అన్నీ ట్రైలర్లో సర్దుకుపోయాయి. బండి కాస్త రొప్పింది గానీ ఎక్కేసింది. వదిన వాటిని చేను గట్టు వెంబడి వరసగా పెట్టించి, ప్రతిదాని మీదా తేనె కోసం ఒక ఖాళీ పెట్టె ఎక్కించి వచ్చింది. ఆ పైన పని ఈగలది.

పూత ఇంకా మిగిలి ఉండగానే ఒక ఉదయం పొలం ఆసామి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. పక్క చేను వాళ్ళు మర్నాడు పొద్దున్నే పురుగుమందు కొడుతున్నారట. ఆపమని తను అడిగి చూశాడట. పురుగు ముదిరిపోయింది, ఇంక ఒక్క పూట కూడా ఆగలేమన్నారట. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ పంట వాళ్ళది. ఈగలకు మాత్రం ఆ చేనూ ఈ చేనూ ఒక్కటే. మందు కొట్టేటప్పటికి పెట్టెలు అక్కడ ఉంటే మిగిలేవి చెక్కపెట్టెలే.

వదిన పొయ్యి మీద ఉన్నది దించేసి, ముసుగు టోపీలూ కుంచెలూ పొగడబ్బా సంచిలో వేసుకుంది. మనిషి సాయం కావాలి గనక అత్తగారు కూడా బయల్దేరింది. అత్తగారంటే చిన్నోడి తల్లి. ఆవిడ భారీ మనిషి. పని దగ్గర మాత్రం ఇద్దరికి సమానం. ముగ్గురూ బండి ముందుసీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. ఖాళీ ట్రైలర్ వెనక దడదడలాడుతూ వచ్చింది.

పొలం చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఈగలు చేలో ఉన్నాయి. చీకటిపడే వేళకు గాని అన్నీ గూటికి చేరవు, అప్పటిదాకా పెట్టెల్ని కదపడానికి లేదు. ఈలోగా వదిన మొదటి పెట్టె వెనక్కి వెళ్ళి, అలవాటుగా అంచు పట్టుకుని ఎత్తబోయింది. పెట్టె లేవలేదు. రెండోది చూసింది. మూడోది చూసింది. వెనక్కి తిరిగినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది. అత్తయ్యా, ఇలాంటి పూత నేను ఈ ఇంటికొచ్చాక చూడలేదు అంది. ఎంత ఉందో తెలుసుకోవాలన్న ఆశ కొద్దీ, ఆసామి కొట్టంలోంచి పత్తి తూచే కొక్కెం కాటా తెప్పించి, ఒక పెట్టెను దూలానికి వేలాడదీసి తూచింది. యాభై కిలోలు.

అత్తగారు రెండు చేతులూ జోడించి పైకి చూసింది. చిన్నోడు మాత్రం మనసులో ఆ యాభైని నలభైతో గుణించాడు. గుణించి, మెల్లగా బండి దగ్గరికి నడిచాడు.

డ్రైవరు వైపు తలుపు తీస్తే లోపలి అంచున చిన్న రేకు అతికించి ఉంటుంది. బండి కొన్న కొత్తలో అతను దాన్ని ఒకసారి చదివి వదిలేశాడు. ఇప్పుడు గోటితో దుమ్ము గీకి, వంగి మళ్ళీ చదివాడు. బండి తన వీపు మీద మోసేదానికి ఒక హద్దు ఉంది. వెనక కట్టుకుని లాగేదానికి ఇంకో హద్దు ఉంది, ట్రైలర్ సొంత బరువు కూడా కలుపుకుని పదిహేను వందల కిలోలు. ఈ రెంటికీ కింద మూడో అంకె ఒకటి ఉంది. బండీ, ట్రైలరూ, వాటిలో ఎక్కిన మనుషులూ సామానూ అంతా కలిపి మూడువేల ఏడు వందలు దాటకూడదు. వీపు మీద నిండా వేసుకుని, వెనక నిండా కట్టుకుని పోతానంటే కుదరదన్నమాట. అక్కడ ఎక్కువైతే ఇక్కడ తగ్గించుకోవాలి.

అతను సీట్లో కూర్చుని ఫోన్లో కూడాడు. ఖాళీ బండి పదహారు వందలు. ఖాళీ ట్రైలర్ నాలుగు వందల యాభై. మనుషులు ముగ్గురికీ రెండు వందలు వేసుకున్నాడు. తల్లి బరువు దగ్గర కాస్త తటపటాయించి మర్యాదగానే వేశాడు. పెట్టెలు రెండువేలు. మొత్తం నాలుగువేల రెండు వందల యాభై అయింది. తప్పు నొక్కానేమోనని మళ్ళీ కూడాడు. అదే వచ్చింది.

ఆడవాళ్ళిద్దరూ గట్టు మీద పెట్టెలు బిగించే బెల్టులు విప్పి వరసగా పరుచుకుంటున్నారు. అత్తగారు ఏదో అంటే వదిన నవ్వింది. చిన్నోడికి దిగి వెళ్ళి చెప్పాలనే ఉంది. ఏమని చెప్పాలి? ఏనుగును ఈడ్చే బండి తేనెను ఈడ్చలేదని చెప్పాలా? నెమ్మదిగా పోతే సరిపోతుందేమో అనుకున్నాడు. ఇంటి దాకా దాదాపు అంతా పల్లమే, లాగాల్సిన పని కూడా ఉండదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకోబోయాడు. ఆ పల్లం దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆగిపోయింది. ఎక్కేటప్పుడు బరువు ఇంజన్ మీద పడుతుంది, దిగేటప్పుడు బ్రేకుల మీద పడుతుంది. ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతే? పల్లం చివర రోడ్డు ఒక్కసారిగా వంకర తిరుగుతుంది. ఆ మలుపులోనే బస్సులు ఆగే చోటు ఉంది.

చివరికి అన్నకు ఫోన్ చేశాడు. తేనె సంగతి వినగానే పెద్దవాడు మంచం మీద లేచి కూర్చున్నట్టున్నాడు, గొంతు మారిపోయింది. బరువు సంగతి చెప్పాక, సర్దడంలో ఉంది రా అన్నాడు. ఇరవై పెట్టెలు ట్రైలర్లో పెట్టు, ఇరవై బండి వీపు మీద పెట్టు, గేరులో పెట్టుకుని మెల్లగా దిగు అని చెప్పాడు. ఎలా సర్దినా మొత్తం మారదు కదా అని చిన్నోడు అన్నాడు. ఆ రేకుల మీద రాసేవాళ్ళు ఎప్పుడూ తగ్గించే రాస్తారని పెద్దవాడు అన్నాడు. ఎంత తగ్గించి రాస్తారో నాకు తెలీదు, నీకు తెలుసా అని చిన్నోడు అడిగాడు. అక్కడికి పెద్దవాడికి కోపం వచ్చింది. నొప్పితో రోజుల తరబడి ఒక్క గదిలో పడి ఉన్న మనిషి.

"పాత లారీలో ఇంతకు రెట్టింపు తెచ్చాన్రా నేను. నేనే నడుపుతుంటే ఈపాటికి కట్టడం మొదలుపెట్టేవాణ్ణి."

"నడిపేది నేను అన్నయ్యా" అన్నాడు చిన్నోడు. "నా వల్ల కాదు. ఈ బండి వల్ల కాదు."

ఫోన్ పెట్టేసి తల తిప్పేసరికి వదిన తలుపు పక్కనే నిలబడి ఉంది. నీళ్ళ సీసా కోసం వచ్చిందట. ఎంతవరకు విన్నదో అతనికి తెలియలేదు. లెక్క మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. ఐదు వందల చిల్లర ఎక్కువవుతోందనీ, రెండు విడతలుగా తప్ప మోయలేననీ, రెండో విడతకు వచ్చేసరికి తెల్లారిపోయి మందు కొట్టడం మొదలైపోతుందనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ చూపు రేకు మీదే ఉంచాడు.

వదిన సీసా మూత తీసింది గానీ తాగలేదు. చేతిలో పట్టుకుని పెట్టెల వైపు చూస్తూ నిలబడింది.

"ఈగల బరువెంతని చిన్నా" అంది. "గుప్పెడు. బరువంతా తేనెది. దానికి మందు వాసన తగిలినా చావదు. ఆసామి కొట్టంలో పెట్టి తలుపేస్తే రేపు వచ్చి తీసుకుపోవచ్చు."

అది వదిన అన్నంత తేలిక కాదని అత్తగారికి తెలుసు, వదినకూ తెలుసు. పై పెట్టెల్లో తేనెతో పాటు వేల ఈగలున్నాయి. మామూలుగా అయితే పై పెట్టెకూ కింది పెట్టెకూ నడుమ ఒక పలక పెడతారు. కిందికి దిగడమే గాని పైకి రావడానికి దారిలేని పలక అది. ఒక రోజు వదిలేస్తే పైదంతా దానంతట అదే ఖాళీ అవుతుంది. ఆ పలకలు ఇంటి దగ్గరున్నాయి, ఉన్నా వాటికి టైము లేదు. ఇక మిగిలింది కుంచె. తేనెపట్టు అల్లుకున్న ఒక్కో చట్రం పైకి తీసి, దాని మీది ఈగల్ని కుంచెతో కింది పెట్టెలోకి దులిపి, ఆ చట్రాన్ని వేరే ఖాళీ పెట్టెలో పెట్టి, మూత వేసి, కొట్టంలోకి మోయాలి. ఒక్కో పెట్టెలో పది చట్రాలు. ఇద్దరాడవాళ్ళతో పొద్దుగూకేలోపు అయ్యే పని కాదు. మూడో మనిషి కావాలి.

వదిన సంచిలోంచి మూడో ముసుగు టోపీ తీసి బండి బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయింది. అది పెద్దవాడిది.

చిన్నోడు దాన్ని తలకు తగిలించుకున్నాడు. చేతి తొడుగులు రెండు జతలే ఉన్నాయి. తల్లి తనవి విప్పి ఇచ్చింది, తన చర్మం మందమైందిలే అంది. మొదటి చట్రం పైకి తీసినప్పుడు అతని చేతులు ఎంత వణికాయంటే, కుంచె అక్కర్లేకుండానే సగం ఈగలు రాలిపోయాయి. అలా ఊపితే వాటికి ఒళ్ళు మండుతుంది, నిదానంగా తియ్యి అని వదిన పక్క పెట్టె దగ్గర నుంచి చెప్పింది. ఒక ఈగ టోపీ అంచు కింద నుంచి దూరి చెవి మీద కుట్టింది. మరొకటి కనురెప్ప మీద కుట్టింది. అతను పరిగెత్తలేదు. చేతిలో చట్రం ఉంది, దాని నిండా తేనె ఉంది, పరిగెడితే అది కిందపడుతుంది. ఉన్నచోటే నిలబడిపోయాడు. తర్వాత తర్వాత ఎన్ని కుట్టాయో పట్టించుకోవడం మానేశాడు. కన్ను వాచి సగం మూసుకుపోయింది. నాలుగో పెట్టెకు వచ్చేసరికి అతనికి ఒక పద్ధతి కుదిరింది. ఆరో పెట్టె దగ్గర వదిన వచ్చి చూసి, నిండిన పెట్టె మూత వేసి తీసుకెళ్ళింది.

పని తెమిలేసరికి సూర్యుడు చేను అంచుకు దిగాడు. తేనె పెట్టెలన్నీ కొట్టంలోకి చేరాయి. కిందివన్నీ ఇప్పుడు ఈగలతో కిక్కిరిసిపోయి ఉన్నాయి. రెండు పెట్టెల సంసారం ఒక్క పెట్టెలో సర్దుకోవాలంటే ఎవరికైనా కష్టమే. చాలా గూళ్ళ ముందు ఈగలు లోపలికి పోకుండా గడ్డంలా వేలాడుతున్నాయి. వదిన వాటి మీద నీళ్ళు చిలకరించి, వాన అనుకుని అవి లోపలికి జరిగేదాకా ఓపికపట్టింది. ద్వారాలకు జాలీలు బిగించింది. అన్నీ లోపలికి పోలేదు. గట్టు మీద ఒక చోట గడ్డిలో పిడికెడు ఈగలు ముద్దకట్టి మిగిలిపోయాయి. ఆవిడ వాటి ముందు చతికిలబడి చూసింది. రెండు చేతులతో ఎత్తి పెట్టెలో వేయబోతే లేచిపోయి మళ్ళీ అక్కడికే వాలాయి. వీటికి ఇంక మనం చేసేదేం లేదు అంటూ లేచింది. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం కొంగుకు చాలాసేపు తుడుచుకుంది.

ఎక్కించడం చిన్నోడి పని. అందులో అతనికి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. నలభై పెట్టెలూ ట్రైలర్లోకి వెళ్ళాయి. బరువైనవాటిని చక్రాల పైన, వాటికి కాస్త ముందుగా పెట్టించాడు. వదిన వెనక అంచున ఖాళీ చూసి అక్కడ రెండు పెట్టమంటే వద్దన్నాడు. వెనక బరువెక్కితే ట్రైలర్ తోకాడిస్తుందనీ, మరీ ముందుకు తోసినా ట్రైలర్ తగిలించిన కొక్కెం మీద భారం పడి బండి ముక్కు పైకి లేచి స్టీరింగు మాట వినదనీ వివరించాడు. ఇంకా జాగా ఎంతుందో లెక్కగట్టి, బండి వీపు మీద పద్దెనిమిది తేనె పెట్టెలు వేశాడు. మిగతావి కొట్టంలో ఉండిపోయాయి. ఆసామి తలుపు గొళ్ళెం పెట్టి, రాత్రంతా తను ఇంట్లోనే ఉంటానన్నాడు.

ఆ ఊరి బయట పత్తి మిల్లు పక్కన లారీలు తూచే కాటా ఉంది. చిన్నోడు అక్కడ తూయించుకుని గాని రోడ్డెక్కనన్నాడు. ఆసామి మోటార్ సైకిలు మీద ముందు వెళ్ళి దారి చూపించాడు. కాటావాడు భోజనానికి కూర్చోబోతున్నవాడల్లా లేచి వచ్చాడు. ట్రైలర్లోంచి వస్తున్న హోరు విని, అద్దాల గదిలోకి వెళ్ళి కిటికీ మూసేసుకున్నాడు. బండీ ట్రైలరూ రెండూ పలక మీదికి ఎక్కాక గోడ మీది ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. మూడువేల ఏడు వందల నలభై ఐదు.

చిన్నోడు స్టీరింగు మీద తల పెట్టాడు. ఇంతేగా, గంపెడు బరువు కూడా కాదు అని వదిన అంది. ఇంతే కదా ఇంతే కదా అనుకుంటేనే అదంతా అయ్యేదని అతనూ గట్టిగానే అన్నాడు. రెండు తేనె పెట్టెలు దించుతానని బెల్టు విప్పడానికి దిగాడు. వాటిని ఎక్కడ పెట్టాలి, ఎవరికి అప్పజెప్పాలి, చీమలు పడితే ఏం చెయ్యాలి అని ఇద్దరూ మాట్లాడుకుంటుండగా అవతలి తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

అత్తగారు ఒక కాలు కింద పెట్టి, తలుపు పట్టుకుని, రెండో కాలు దింపింది. ఎలాగూ ఎవరో ఒకరు ఆ కొట్టం దగ్గర ఉండాల్సిందే, పరాయివాళ్ళ మీద వదిలేసి పోతామా అంది. ఆసామి భార్య మంచి మనిషిలా ఉంది, రాత్రికి అక్కడే పడుకుంటానంది. కాటావాడు కిటికీలోంచి అంకెల వైపు చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. గోడ మీద అంకె హద్దు దాటి బాగా కిందికి దిగిపోయింది.

"ఎవడైనా ఇంట్లో ఈ ముక్క ఎత్తాడో" అంది ఆవిడ కొడుకు వంక చూసి. మిగతాది చెప్పలేదు. ఆసామి మోటార్ సైకిలు వెనక ఎక్కి, అతని భుజం పట్టుకుని కూర్చుంది. ఆ బండి టైరు అణిగిపోవడం చిన్నోడు చూశాడు గానీ నోరు మెదపలేదు.

ఎగుడు ఎక్కి వచ్చిన రోడ్డే ఇప్పుడు దిగుడు. చిన్నోడు పైనే చిన్న గేరులోకి మార్చాడు. అన్నీ లెక్క ప్రకారం ఉన్నా ట్రైలర్ వెనక నుంచి నెడుతూనే ఉంది. ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించి, పద పద అంటున్నట్టుంది. వెనక నుంచి హారన్ కొట్టినవాళ్ళను పోనిచ్చాడు. వదిన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది.

మలుపులో బస్సు అడ్డంగా ఆగి ఉంది. పంచరో ఇంకేమో, జనం దిగి రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. ఒకామె చంటిబిడ్డను భుజాన వేసుకుని తెల్లగీత మీద ఉంది. చిన్నోడు బ్రేకు నొక్కాడు. ఒక్కసారిగా కాకుండా, అణిచి పట్టి నొక్కాడు. ట్రైలర్ బ్రేకులు పట్టిన చప్పుడు వెనక నుంచి వచ్చింది. బండి గుంజుకుంది. టైర్లు అరిచాయి. పెట్టెలన్నీ ఒక్కసారి గుయ్యిమన్నాయి. బండి ఆగినచోటు నుంచి బస్సు వెనక రాసి ఉన్న అక్షరాలు చదువుకోవచ్చు. జనంలో కొందరు తిరిగి చూశారు. బిడ్డను ఎత్తుకున్నామె చూడనైనా లేదు, డ్రైవరుతో ఏదో అడుగుతోంది.

బస్సు పక్కకు జరిగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఇంజన్ ఆపాక ఈగల హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"ఉన్నదంతా వేసుకుని వచ్చుంటే?" అంది వదిన.

"తెలీదు వదినా" అన్నాడు. నిజంగానే అతనికి తెలియదు. ఆగేదేమో కూడా. దిగి వెనక్కి వెళ్ళి బెల్టులు ఒక్కొక్కటీ లాగి చూసుకుని, అప్పుడు బండి తీశాడు.

ఇల్లు చేరేసరికి పెద్దవాడు చంకకర్రల మీద వాకిట్లో నిలబడి ఉన్నాడు. డాక్టరు లేవద్దన్నాడు. లేచాడు. పెట్టెలు దించుతున్నంతసేపూ గోడకు ఆనుకుని చూశాడు, ఇలా పెట్టు అలా పెట్టు అని కూడా అనలేదు. తమ్ముడి వాచిన కన్నూ, ఉబ్బిన చెవీ, పూరీల్లా పొంగిన మణికట్లూ లైటు వెలుగులో కనబడ్డాయి. నువ్వు తీశావా చట్రాలు అని అడిగాడు. తీశానన్నాడు చిన్నోడు. అమ్మేదీ అని అడిగాడు. తేనె దగ్గర ఉందని వదిన చెప్పింది. కాటా దగ్గర జరిగింది చెప్పలేదు. మలుపులో బస్సు సంగతి మాత్రం లోపలికి వెళ్ళాక భర్తకు చెప్పింది. ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో చిన్నోడికి తెలియదు. అన్నం తినేటప్పుడు పెద్దవాడు చెంబులో నీళ్ళు తనే తమ్ముడి గ్లాసులోకి ఒంపాడు.

మర్నాడు చిన్నోడు ట్రైలర్ విప్పేసి ఒక్క బండితో వెళ్ళాడు. మిగిలిన తేనె బండి వీపు మీదే సరిపోయింది. పక్క చేలో మందు కొట్టేసి వెళ్ళిపోయారు, గాలి ఘాటుగా ఉంది. గట్టు మీద, నిన్న ఈగలు ముద్దకట్టిన చోట, గడ్డిలో నల్లగా రాలి ఉన్నాయి. అతను కాసేపు చూసి కొట్టంలోకి వెళ్ళాడు. తల్లి తలుపు సందులన్నిటికీ తడిగుడ్డలు కుక్కి, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. రాత్రంతా ఆసామి భార్యతో కబుర్లేనట. దారి పొడుగునా వాళ్ళింటి సంగతులు చెబుతూనే వచ్చింది.

ఆ తేనె తీయడానికి వారం పట్టింది. ఈగల్లో రెండు పెట్టెలు ఇరుకుకు ఉక్కిరిబిక్కిరై దెబ్బతిన్నాయి, వాటిని వదిన పక్కవాటితో కలిపేసింది. మిగతావన్నీ కొత్తచోట అలవాటుపడ్డాయి. అప్పటి నుంచి పెట్టెల్ని మోసే ముందు తూచడం ఇంట్లో రివాజైంది. తేనె ముందూ ఈగలు వెనకా, రెండు విడతల్లో తేవడం మామూలైంది. చిన్నోడు సామాన్ల పని లేని రోజుల్లో పెట్టెల దగ్గర కనబడటం మొదలైంది. ఈగలంటే భయం పూర్తిగా పోయిందని మాత్రం అనలేం.

పెద్దవాడి కాలు కట్టు విప్పాక తర్వాతి పూత కోసం అన్నదమ్ములిద్దరూ కలిసి బయల్దేరారు. వేకువనే ట్రైలర్ తగిలించి, కొక్కెం గొలుసు లాగి చూసుకుని, చిన్నోడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెద్దవాడు పక్క సీట్లో కుంటుకాలు చాపుకున్నాడు. ఊరు దాటేదాకా దారి గురించి ఏవో సలహాలు చెప్పాడు. ఎగుడు మొదలయ్యేసరికి అతని మాట వినబడలేదు. చిన్నోడు తిరిగి చూస్తే తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పొలం వచ్చేదాకా లేవలేదు.